ఒకే మెషీన్‌లో ఫొటోలూ గేమ్‌లూ కావాలంటే గ్రాఫిక్స్ కార్డ్ చివర్న కొనండి

ఎడిటర్ గారికి నమస్కారం,

రెండు వారాల కింద మీ టెక్నాలజీ పేజీలో ఇంట్లోనే కంప్యూటర్ అసెంబుల్ చేసుకోవడం మీద ఒక వ్యాసం వచ్చింది, అది చదివి పోయిన వారం ఇదే ఉత్తరాల కాలమ్‌లో ఒక కుర్రాడు రాశాడు, పగలు ఫొటోలు ఎడిట్ చేస్తా, రాత్రి గేమ్‌లు ఆడతా, రెండు మెషీన్లు కొనే స్తోమత లేదు, ఒక్కటే బిగించుకోవాలి, అది కూడా ఒకేసారి కాదు కొంచెం కొంచెంగా, మరి ముందు ఏ పార్టు కొనాలి అని. జవాబు ఎవరైనా రాస్తారేమో అని ఈ వారం పేపర్ మొత్తం వెతికా, ఎవరూ రాయలేదు, అందుకే నేను రాస్తున్నా. ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది. చోటు చాలకపోతే మధ్యలో క్యాబినెట్, కూలర్ గురించి రాసింది తీసెయ్యండి గానీ మానిటర్ గురించీ పవర్ సప్లై గురించీ రాసింది మాత్రం దయచేసి ఉంచండి.

మీ వ్యాసంలో చెప్పింది ఏంటంటే, ఉన్న డబ్బులో సగం గ్రాఫిక్స్ కార్డ్‌కి పెట్టండి, ప్రాసెసర్‌లో కోర్లు (లెక్కలు చేసే విడి విభాగాలు) ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది, మిగిలిన దాంతో మానిటర్ ఏదో ఒకటి తీసుకోండి అని. గేమ్‌లు తప్ప ఇంకో పని లేనివాళ్ళకి ఆ లెక్క కొంతవరకు నడుస్తుంది. ఫొటోల పని కూడా అదే మెషీన్ మీద చేసేవాళ్ళకి మాత్రం అది తలకిందుల లెక్క. నా మొదటి మెషీన్ నేను సరిగ్గా ఆ లెక్కతోనే బిగించా, ఏం జరిగిందో చెప్తా.

మా నాన్నగారు వయసులో ఉన్నప్పుడు తీసిన ఫొటోల నెగెటివ్‌లు ఒక రేకు డబ్బా నిండా ఉండేవి. ఆయన పోయాక వాటిని ఒక్కొక్కటే స్కాన్ చేసి, గీతలు తీసి, మచ్చలు తుడిచి, అమ్మకి ఒక ఆల్బమ్ చేసిద్దామని కూర్చున్నా. అప్పటికి నా దగ్గరున్న మానిటర్ గేమ్‌ల కోసం కొన్నది, టీఎన్ ప్యానెల్, అంటే వేగంగా ఉండి రంగులు అంత బాగా చూపించని రకం తెర, రిఫ్రెష్ రేట్ (సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) మాత్రం బ్రహ్మాండంగా ఉండేది. దాని బ్రైట్‌నెస్ ఫ్యాక్టరీ నుంచి ఎంత ఉందో అంతే ఉంచేశా, రూమ్‌లో లైటు ఆపేసి రాత్రిళ్ళు పని చేసేవాణ్ణి. దాదాపు రెండు నెలలు పట్టింది. ప్రింట్లు వేయించి చూస్తే నీడ ఉన్న చోటల్లా నల్లగా ముద్ద కట్టేసింది, తాతయ్య కోటు మీద మడతలు ఒక్కటి కనపడలేదు, కలర్ ఫొటోల్లో మొహాలు ఇటుక రంగులో వచ్చాయి. ల్యాబ్ వాళ్ళు పాడు చేశారనుకుని ఇంకో చోట వేయించా. మళ్ళీ అంతే వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు, బాగున్నాయిరా అంది, కానీ ఆల్బమ్ పక్కన పెట్టి ఆ పాత చిన్న ప్రింట్లే తీసి చూసుకునేది. అది చూసి నాకు ఎంత కష్టమేసిందో చెప్పలేను.

తప్పు ల్యాబ్‌ది కాదు, నా మానిటర్‌ది. చీకటి గదిలో 300 నిట్స్ (తెర వెలుగుని కొలిచే లెక్క) దాకా వెలిగే తెర ముందు కూర్చుంటే ప్రతి ఫొటో ఎక్కువ వెలుతురుగా ఉన్నట్టే అనిపిస్తుంది, మనకి తెలీకుండానే తగ్గిస్తూ పోతాం, కాగితానికి సొంత వెలుగు ఉండదు కాబట్టి అక్కడికి వచ్చేసరికి నల్లబడిపోతుంది. ప్రింట్ కోసం ఎడిట్ చేసేవాళ్ళు తెరని 80 నుంచి 120 నిట్స్ మధ్య పెట్టుకుంటారు. టీఎన్ ప్యానెల్‌తో ఇంకో తంటా ఏంటంటే తల కొంచెం పైకి ఎత్తినా కిందకి దించినా టోన్లు మారిపోతాయి, అదే ఫొటో తెర పైభాగంలో ఒక రకంగా కింది భాగంలో ఒక రకంగా ఉంటుంది, మరి దేన్ని నమ్మి ఎడిట్ చేస్తాం?

అందుకే ఆ కుర్రాడికి నా మొదటి మాట, తమ్ముడూ, ముందు మానిటర్ కొను. నువ్వు చేసే ప్రతి పనీ దానిలోంచే చూస్తావు. ఐపీఎస్ ప్యానెల్, అంటే పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం తెర, చూసుకో, 27 అంగుళాలు, 2560 బై 1440, రిఫ్రెష్ రేట్ 144 హెర్ట్జ్ గానీ అంతకంటే ఎక్కువ గానీ. ఈ సైజుకి ఈ రిజల్యూషన్ అయితే అంగుళానికి 109 పిక్సెళ్ళు వస్తాయి, అక్షరాలు నీట్‌గా ఉంటాయి, ఫొటో షార్ప్‌నెస్ తెలుస్తుంది. ఒకప్పుడు రంగులు బాగుండే మానిటర్ వేగంగా ఉండేది కాదు, వేగంగా ఉండేదానికి రంగులు ఉండేవి కాదు, ఇప్పుడు ఆ ఇబ్బంది పోయింది, మంచి ఐపీఎస్‌లు రెండు పనులకీ సరిపోతున్నాయి. వీఏ అనే ఇంకో రకం ప్యానెల్స్‌లో నలుపు చాలా బాగుంటుంది గానీ కొన్నిటిలో చీకటి సీన్లలో కదిలే వస్తువు వెనకాల మసక తోక కనపడుతుంది, పక్కకి జరిగితే టోన్లు కొంచెం మారతాయి. ఓఎల్ఈడీ అయితే గేమ్‌లకి దాన్ని మించింది లేదు, కానీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టూల్ బార్లు రోజూ గంటల తరబడి ఒకే చోట కదలకుండా ఉంటాయి, వాటి మరక తెర మీద మిగిలిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి రోజంతా ఎడిటింగ్ చేసేవాళ్ళు ఆలోచించుకుని తీసుకోవాలి.

రంగుల విస్తృతి, అంటే తెర ఎన్ని రకాల రంగులు చూపించగలదో, ఆ సంగతి కూడా ఒక మాట. ఎస్‌ఆర్‌జీబీ అనేది 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి పెట్టిన కొలత, ఇప్పటికీ ఇంటర్నెట్‌లో ఫొటోలన్నీ ఎక్కువ భాగం దాంట్లోనే ఉంటాయి. దాన్ని పూర్తిగా చూపించగలిగితే ముందు చాలు. అడోబీ ఆర్‌జీబీ 1998ది, ఆకుపచ్చలు, నీలి ఆకుపచ్చలు ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది, మంచి ప్రింటర్ మీద పెద్ద ప్రింట్లు వేసేవాళ్ళకి అది పనికొస్తుంది. చాలామంది విస్తృతి ఎంత ఎక్కువుంటే అంత గొప్ప అనుకుంటారు, అది నిజం కాదు, విస్తృతి ఎక్కువున్న మానిటర్‌ని సరైన ప్రొఫైల్ (ఆ తెర రంగుల్ని ఎలా చూపిస్తుందో చెప్పే ఫైల్) లేకుండా, ఆ ఫైల్‌ని బట్టి రంగులు సరిచెయ్యని సాఫ్ట్‌వేర్‌లో వాడితే ఎర్రటి చొక్కా మండిపోతున్నట్టు కనపడుతుంది, దాన్ని చూసి మనం రంగు తగ్గిస్తాం, పక్కవాడి ఫోన్‌లో అది వెలిసిపోయి ఉంటుంది.

దీనికి మందు కాలిబ్రేటర్. అరచేతిలో పట్టే చిన్న పరికరం, తెర మీద వేలాడదీస్తే పది నిమిషాల్లో రంగులన్నీ కొలిచి ప్రొఫైల్ తయారుచేస్తుంది. తెలుపు 6500 కెల్విన్, గామా (నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు పెరిగే తీరు) 2.2, బ్రైట్‌నెస్ 100 నిట్స్ దగ్గర పెట్టుకుని కొలుచుకుంటే చాలు, నెలకో రెండు నెలలకో ఒకసారి మళ్ళీ చేసుకోవాలి. రోజూ వాడేది కాదు కాబట్టి నలుగురు స్నేహితులు కలిసి ఒకటి కొనుక్కుని తిప్పుకున్నా నడుస్తుంది. గేమ్‌లు ఎక్కువగా ఈ ప్రొఫైల్‌ని పట్టించుకోవు, అందుకని మానిటర్ మెనూలో ఎడిటింగ్‌కి ఒక మోడ్, గేమ్‌లకి ఒక మోడ్ విడివిడిగా సేవ్ చేసుకోవడం మంచిది. కాలిబ్రేటర్ గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదండీ, అది నన్ను నిజంగా బాధపెట్టింది.

మానిటర్ తేలాక మిగతావన్నీ దాన్ని బట్టి తేలతాయి, ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డ్. 1080పీ తెర (1920 బై 1080) మీద దాదాపు 20.7 లక్షల పిక్సెళ్ళు, 1440పీ (పైన చెప్పిన 2560 బై 1440) మీద 36.9 లక్షలు, 4కే (3840 బై 2160) మీద 82.9 లక్షలు. అంటే 1080పీలో ఏ కష్టమూ లేకుండా ఆడిన గేమ్‌నే 4కేలో ఆడాలంటే ప్రతి ఫ్రేమ్‌కీ కార్డ్ నాలుగింతల పిక్సెళ్ళు గీయాలి, 144 హెర్ట్జ్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి దొరికేది 7 మిల్లీసెకన్ల లోపే. తెర ఏంటో తెలీకుండా కార్డ్ ముందు కొనేవాళ్ళు అయితే ఎక్కువ కొంటారు లేకపోతే తక్కువ కొంటారు. నేను 1440పీ అనడానికి ఇదీ ఒక కారణం, మధ్యస్థంగా ఉండే కార్డ్‌తో కూడా అక్కడ హాయిగా ఆడుకోవచ్చు.

కార్డ్‌లో చూడాల్సింది పేరు వెనకాల అంకె ఒక్కటే కాదు, దాని మెమరీ. 2021లో వచ్చిన ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ ఉంటే 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060లో 8 జీబీ పెట్టారు. కొత్తది వేగంగా ఉంటుంది, నిజమే, కానీ ఇప్పటి గేమ్‌లు కొన్నిటిలో టెక్స్చర్లు (వస్తువుల పైన కనపడే బొమ్మలు) ఎక్కువ క్వాలిటీలో పెడితే 8 జీబీ నిండిపోయి మధ్యమధ్యలో కుదుపులు వస్తాయి. ఆర్‌టీఎక్స్ 4060 టీఐ, 5060 టీఐ అయితే ఒకే పేరుతో 8 జీబీవీ 16 జీబీవీ రెండూ అమ్మారు, పెట్టె మీద చూసి తీసుకోవాలి. ఏఎండీ కార్డులు గేమ్‌లకి డబ్బుకి తగ్గ పని చేస్తాయి, మెమరీ కూడా దండిగా ఇస్తారు. నువ్వు వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దేని మీద బాగా నడుస్తుందో చూసుకుని అటో ఇటో తేల్చుకో.

ఫొటోల పనిలో ఈ కార్డ్ ఎక్కడ ఉపయోగపడుతుందో కూడా స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే అందరూ తికమక పడతారు. బ్రష్ తిప్పడం, లేయర్లు కలపడం, క్లోన్ చేయడం, ఫైల్ తెరవడం మూయడం, ఈ రోజువారీ పనులకి పెద్ద కార్డ్ వల్ల వచ్చే తేడా చాలా తక్కువ. తేడా వచ్చేది ఎక్కడంటే 2023 ఏప్రిల్‌లో అడోబీ వాళ్ళ ఫొటో సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో డీనాయిజ్ అని వచ్చింది కదా, అలాంటి ఏఐ పనుల్లో. తక్కువ వెలుతురులో తీసిన ఫొటోలో గరుకుని అది అద్భుతంగా తీస్తుంది, ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న గ్రాఫిక్స్ మీద ఒక్కో ఫొటోకి నిమిషాలు పట్టేది మంచి కార్డ్ మీద సెకన్లలో అయిపోతుంది. నువ్వు రాత్రి ఫంక్షన్లు షూట్ చేసి వందల ఫొటోలకి డీనాయిజ్ పెట్టేవాడివైతే కార్డ్ తప్పనిసరి. పగటి వెలుతురులో తీసేవాడివైతే దాని కోసం ఆగొచ్చు.

ఇదే నేను చెప్పాలనుకున్న అసలు సంగతి. ఈ మెషీన్‌లో అన్ని పార్టుల్లోకీ తర్వాత కొనుక్కోగలిగేది గ్రాఫిక్స్ కార్డ్ ఒక్కటే. ఏఎండీ రైజెన్ 7000, 9000 సిరీస్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో, చివర ఎఫ్ అనే అక్షరం ఉన్నవి తప్ప, చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, ఇంటెల్‌లో కూడా పేరు చివర ఎఫ్ ఉందంటే గ్రాఫిక్స్ లేదని అర్థం. ఎఫ్ లేనిది తీసుకుంటే కార్డ్ లేకుండానే మెషీన్ మొదలుపెట్టి, మంచి తెర మీద ఫొటోల పని చేసుకుంటూ, డబ్బు కూడినప్పుడు కార్డ్ కొనుక్కుని ఒక సాయంత్రం పెట్టేసుకోవచ్చు. మదర్‌బోర్డ్ తక్కువ రకం కొన్నావనుకో, పవర్ సప్లై తక్కువ రకం కొన్నావనుకో, మార్చాలంటే మొత్తం విప్పాలి. కొంచెం కొంచెంగా కొంటానన్నావు కాబట్టి నీకు ఈ వరసే మంచిది. గేమ్‌లకి కొన్ని నెలలు ఓపిక పట్టాలి, తెలుసు, కానీ ఆ ఓపికకి మంచి ఫలితం ఉంటుంది, నా రెండో మెషీన్ నేను అలాగే కట్టుకున్నా.

ప్రాసెసర్ సంగతికి వస్తే కోర్లు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది అన్న మాట ఈ రెండు పనులకీ వర్తించదు. ఫొటోషాప్‌లో చాలా పనులు ఒకటి రెండు కోర్ల వేగం మీదే ఆధారపడతాయి, గేమ్‌లు కూడా ఎక్కువ శాతం ఆరు ఎనిమిది కోర్లు దాటి పెద్దగా వాడుకోవు. ఎక్కువ కోర్లు ఉపయోగపడేది లైట్‌రూమ్‌లో వెయ్యి ఫొటోల ప్రివ్యూలు తయారుచేసేటప్పుడు, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు, అది మనం కాసేపు లేచి తిరిగొచ్చే టైమే కదా. 8 కోర్లు ధారాళంగా సరిపోతాయి, 6తో కూడా బాగానే నడుస్తుంది. పేరు చివర ఎక్స్‌3డీ ఉన్న రైజెన్‌లు ఉన్నాయి, 2022లో 5800ఎక్స్‌3డీతో మొదలై 2023లో 7800ఎక్స్‌3డీ, 2024 నవంబర్‌లో 9800ఎక్స్‌3డీ వచ్చాయి, వీటిలో మామూలుగా 32 ఎంబీ ఉండే ఎల్3 క్యాష్‌ని (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) ఇంకో పొర పేర్చి 96 ఎంబీ చేశారు, గేమ్‌లకి దాని వల్ల చాలా లాభం, ఫొటోలకి ఆ అదనపు క్యాష్ దాదాపు ఏమీ చేయదు. కాబట్టి గేమ్‌లే ముఖ్యం అనుకుంటేనే ఎక్స్‌3డీ, లేకపోతే మామూలు ఎనిమిది కోర్లది తీసుకుని మిగిలింది తెరకి పెట్టు.

సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, అదీ ముఖ్యమే. ఏఎండీ ఏఎం4 సాకెట్‌తో 2017లో బోర్డు కొన్నవాళ్ళు చాలామంది ఐదేళ్ళ తర్వాత బయోస్ (బోర్డులోనే ఉండే మొదటి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుని అదే బోర్డులో 5800ఎక్స్‌3డీ పెట్టుకోగలిగారు. ఏఎం5 2022లో వచ్చింది, దాంట్లోనూ ఇప్పటికే రెండు తరాలు ఎక్కాయి. సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు చూస్తున్నట్టయితే ఒక జాగ్రత్త, వోల్టేజ్ ఎక్కువ వెళ్ళి అవి క్రమంగా దెబ్బతినే సమస్య ఉందని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుంది, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్ళు పెంచింది. అప్‌డేట్ ఇకముందు జరగబోయే నష్టాన్ని ఆపుతుంది గానీ అప్పటికే జరిగిన నష్టాన్ని బాగుచెయ్యదు, కాబట్టి ఎవరో వాడి అమ్ముతున్న దాన్ని పరీక్షించకుండా తీసుకోవద్దు.

ర్యామ్‌కి చిన్న లెక్క చెప్తా. 45 మెగాపిక్సెల్ కెమెరా ఫొటోని 16 బిట్‌లో తెరిస్తే ఒక్కో పిక్సెల్‌కి మూడు రంగులు, ఒక్కో రంగుకి రెండు బైట్లు, మొత్తం 270 ఎంబీ, అది ఒక్క లేయర్‌కి. పది లేయర్లు పెడితే 2.7 జీబీ, దానికి తోడు వెనక్కి వెళ్ళడానికి దాచుకునే హిస్టరీ, పక్కన లైట్‌రూమ్, బ్రౌజర్. 16 జీబీతో ఊపిరాడదు. 32 జీబీ తీసుకో, అది కూడా 16 చొప్పున రెండు స్టిక్కులు ఉన్న సెట్. ఇప్పుడు రెండు పెట్టి తర్వాత ఇంకో రెండు కలుపుదాం అనుకుంటారు, ఇప్పటి డీడీఆర్5 రకం ర్యామ్‌తో అది సరిగ్గా కుదరదు, రైజెన్‌లో నాలుగు స్టిక్కులు పెడితే కంపెనీ హామీ ఇచ్చే వేగం 3600కి పడిపోతుంది. పెద్ద పనోరమాలు కలిపేవాడివైతే ముందే 32 చొప్పున రెండు తీసేసుకో.

ర్యామ్ పెట్టేటప్పుడు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటూ నాలుగో స్లాటూ, మాన్యువల్‌లో కూడా ఉంటుంది ఒకసారి చూసుకో. ఏఎం5లో మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆ సేపు తెర నల్లగా ఉంటుంది, ఏదో కాలిపోయిందని భయపడి స్విచ్ ఆపేసి మళ్ళీ వేసేవాళ్ళు ఎంతమందో, ఆపకుండా కూర్చుంటే అదే వస్తుంది. వచ్చాక బయోస్‌లోకి వెళ్ళి ఎక్స్‌పో, ఇంటెల్ అయితే ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చెయ్యాలి. ఇది చెయ్యకపోతే 6000 వేగం అని కొన్న ర్యామ్ చాలావరకు 4800 దగ్గరే నడుస్తుంటుంది, ఏళ్ళ తరబడి అలాగే వాడుతున్న మెషీన్లు నేను రెండు చూశా.

స్టోరేజ్ దగ్గర వేగం కోసం ఎగబడక్కర్లేదు. సాటా అనే పాత రకం కనెక్షన్ ఉన్న ఎస్‌ఎస్‌డీ సెకనుకి 550 ఎంబీ దాకా చదువుతుంది, పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే వేగమైన దారిలో నడిచే ఎన్‌వీఎంఈ రకం నాలుగో తరానిది 7000 దాకా, ఐదో తరం ఇంకా రెండింతలు, కానీ ఫొటోలు తెరిచేటప్పుడు, గేమ్ లోడ్ అయ్యేటప్పుడు నాలుగో తరానికీ ఐదో తరానికీ తేడా చేతికి తెలీదు. దానికంటే ముఖ్యం లోపల ఉన్నది టీఎల్‌సీనా (ఒక్కో గడిలో మూడు బిట్లు దాచేది) క్యూఎల్‌సీనా (నాలుగు దాచేది) అని, క్యూఎల్‌సీలో ముందుండే క్యాష్ నిండేదాకా వేగంగా రాస్తుంది, ఆ తర్వాత కొన్నయితే హార్డ్ డిస్క్ కంటే నెమ్మదిస్తాయి, కెమెరా కార్డ్ నుంచి 200 జీబీ ఒకేసారి దింపుకునేవాళ్ళకి అది రోజూ తగిలే ఇబ్బంది. ఇంకోటి, ఎం.2 ఆకారంలో, అంటే బోర్డుకే నేరుగా గుచ్చే చిన్న పలక ఆకారంలో, ఉన్నవన్నీ ఎన్‌వీఎంఈ కాదు, అదే ఆకారంలో సాటావీ ఉంటాయి, బోర్డు మాన్యువల్ చూసి కొనాలి.

ఇక పవర్ సప్లై. ఇది రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి బరువుగా ఉంటుంది. మొదటి మెషీన్‌లో క్యాబినెట్‌తో పాటు వచ్చిన పేరు లేని పవర్ సప్లై ఉండేది, పెద్ద గేమ్ ఆడుతుంటే మెషీన్ దానంతటదే ఆగి మళ్ళీ మొదలయ్యేది. సరే అని మంచిది కొత్తది తెచ్చా, కేబుళ్ళు విడిగా పెట్టుకునే మాడ్యులర్ రకం. దాన్నీ ఒక ఏడాది వాడి ఇంకా పెద్దది కావాలని ఇంకోటి తెచ్చినప్పుడు, పాత కేబుళ్ళు క్యాబినెట్‌లో చక్కగా సర్ది కట్టి ఉన్నాయి కదా, కనెక్టర్ కూడా సరిగ్గా దిగుతోంది కదా అని హార్డ్ డిస్కులకి వెళ్ళే కేబుల్ అలాగే ఉంచి కొత్త పవర్ సప్లైకి గుచ్చేశా. ఆన్ చేశా. చిన్న శబ్దం, కాలిన వాసన, అంతే. డిస్క్ వైపు కనెక్టర్‌కి స్టాండర్డ్ ఉంది గానీ పవర్ సప్లై వైపు పిన్నుల వరసకి స్టాండర్డ్ ఏదీ లేదు, ఒక్కో కంపెనీది ఒక్కో రకం, ఒకే కంపెనీలో కూడా మోడల్ మోడల్‌కీ మారొచ్చు. 5 వోల్టులు వెళ్ళాల్సిన తీగలో 12 వోల్టులు వెళ్ళాయి. ఆ డిస్క్‌లో నాన్నగారి నెగెటివ్‌ల స్కాన్లు ఉన్నాయి. నెగెటివ్‌లు ఉన్నాయి కాబట్టి మళ్ళీ స్కాన్ చేసుకోగలిగా, కానీ వాటి మీద రెండు నెలలు చేసిన పని పోయింది, అదే డిస్క్‌లో ఉన్న మా పాప మొదటి ఏడాది ఫొటోలు సగానికి పైగా పోయాయి, వాటికి నెగెటివ్‌లు లేవు.

అందుకే రెండు విషయాలు మాత్రం ఎవరికైనా చేతులు పట్టుకుని చెప్తా. పవర్ సప్లై మారిస్తే దాని పెట్టెలో వచ్చిన కేబుళ్ళే వాడండి, పాతవి ఎంత బాగున్నా తీసి పారెయ్యండి. ఫొటోలు ఎప్పుడూ మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఇంటి బయట. బయట ఉండేది క్లౌడ్ అయినా సరే, చుట్టాలింట్లో పెట్టిన హార్డ్ డిస్క్ అయినా సరే. ఎస్‌ఎస్‌డీని కరెంటు పెట్టకుండా ఏళ్ళ తరబడి బీరువాలో పడేస్తే అందులో డేటా చెదిరిపోవచ్చు, దాచుకోవడానికి హార్డ్ డిస్కే మంచిది. మెషీన్ బడ్జెట్ వేసుకునేటప్పుడే ఈ డిస్కులని కూడా అందులో రాసుకోండి, తర్వాత చూద్దాం అంటే ఆ తర్వాత రాదు.

పవర్ సప్లై మీద గోల్డ్, బ్రాంజ్ ముద్ర ఉంటే అది మంచిదే అన్నట్టు రాసి మీ వ్యాసంలో కొంచెం పొరపాటు పడ్డారు. 80 ప్లస్ అన్నది 2004లో మొదలైన ముద్ర, గోడ నుంచి తీసుకున్న కరెంట్‌లో ఎంత శాతం వృథా కాకుండా లోపలికి ఇస్తుందో ముఖ్యంగా అదే కొలుస్తుంది, గోల్డ్ అంటే సగం లోడ్ దగ్గర 90 శాతం. లోపల ప్రొటెక్షన్ సర్క్యూట్లు సరిగ్గా ఉన్నాయా, వోల్టేజ్ నిలకడగా ఉంటుందా అన్నది ఆ ముద్ర చెప్పదు, దానికి విప్పి పరీక్షించిన రివ్యూలు చదవాల్సిందే. పెద్ద కార్డులు రెప్పపాటులో మామూలు కంటే చాలా ఎక్కువ కరెంట్ లాగుతాయి, నా మొదటి మెషీన్ ఆగిపోయింది దానివల్లే, అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో 100 మైక్రోసెకన్ల పాటు రేటింగ్‌కి రెండింతల దాకా తట్టుకోవాలని పెట్టారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చాక కొత్త పదహారు పిన్నుల కనెక్టర్లు కరిగిన కేసులు బయటపడ్డాయి, తర్వాత ఆ కనెక్టర్‌ని 12వీ-2ఎక్స్6 అని మార్చి, పూర్తిగా దిగకపోతే పవర్ వెళ్ళకుండా చిన్న పిన్నులని పొట్టి చేశారు. అలాంటి కార్డ్ పెట్టుకుంటే కనెక్టర్‌ని సందు కనపడకుండా లోపలిదాకా నొక్కండి, దాని మొదట్లోనే కేబుల్ మడవద్దు.

క్యాబినెట్, కూలర్ గురించి రెండు ముక్కలు. ముందు వైపు అద్దం కాకుండా జాలీ ఉన్న క్యాబినెట్ తీసుకోండి, ముందు నుంచి గాలి లోపలికి, వెనక నుంచి బయటికి, కార్డ్ పొడవు కూలర్ ఎత్తు మిల్లీమీటర్లలో చూసుకోండి. రైజెన్ 7000 సిరీస్ ఎక్స్ మోడళ్ళు లోడ్‌లో 95 డిగ్రీల దాకా వెళ్ళేలాగే తయారుచేశారు, అది చూసి కంగారు పడక్కర్లేదు. నీళ్ళ కూలర్ అవసరమే లేదు, రెండు టవర్లున్న గాలి కూలర్ 8 కోర్ల ప్రాసెసర్‌కి చాలు, దాని కింద అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర తీసి బిగించండి, అది తీయకుండా బిగించి వేడెక్కిపోతోందని ఫోన్ చేసినవాళ్ళు నాకు ఉన్నారు. మదర్‌బోర్డ్‌లో బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే మంచిది, కొత్త ప్రాసెసర్‌ని బోర్డు గుర్తుపట్టకపోయినా పెన్ డ్రైవ్‌తో అప్‌డేట్ చేసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ పార్టులతో కట్టేవాళ్ళు ప్రాసెసర్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో చూసుకోండి, విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది.

కాబట్టి తమ్ముడూ నీ వరస ఇలా పెట్టుకో, ముందు మానిటర్, నీ దగ్గర ఇప్పుడున్న పాత కంప్యూటర్‌కో ల్యాప్‌టాప్‌కో దాన్ని తగిలించి ఈ రోజు నుంచే వాడుకోవచ్చు, అది ఇంకే పార్టుతోనూ కుదరదు. తర్వాత పవర్ సప్లై, బోర్డు, ఎఫ్ లేని ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఇవి ఒకేసారి తీసుకో, విడివిడిగా కొని పెట్టెల్లో ఉంచితే వెనక్కి ఇచ్చే గడువు దాటిపోతుంది, పాడైన పార్టు ఉన్నా తెలీదు. దాంతో పాటే బ్యాకప్ డిస్క్. ఆ తర్వాత కార్డ్, అప్పటికి నీ తెరకి ఎంత కార్డ్ కావాలో నీకే తెలిసిపోతుంది.

ఎడిటర్ గారూ, చివరగా మీకొక మనవి. తెర మీద రంగుకీ కాగితం మీద రంగుకీ ఉన్న దూరం మీ ఆఫీసులో వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు, రోజూ రాత్రి తెర మీద చూసిన ఫొటోలు పొద్దున్నకి న్యూస్‌ప్రింట్ మీద ఎలా వస్తాయో ముందే ఊహించి సరిచేసేది వాళ్ళే కదా. మీ ఫొటో డెస్క్‌లోనో ప్రెస్‌లోనో ఆ పని చేసే ఒకరితో, తెరని ఎలా సరిచేసుకోవాలి, ప్రింట్‌కి పంపే ముందు ఏం చూసుకోవాలి అని టెక్నాలజీ పేజీలోనే ఒక వ్యాసం రాయించండి. నాన్నగారి నెగెటివ్‌లు రెండోసారి స్కాన్ చేయడం పోయిన నెలతో అయిపోయింది, ఇప్పుడు సరైన తెర మీద మొదటి పదిహేను ఫొటోలు పూర్తయ్యాయి, ప్రింట్‌కి పంపే ముందు మీ వాళ్ళు రాసింది చదివి పంపుదామని ఆగి ఉన్నా.

ఇట్లు,
మీ పాఠకుడు